కిరాయి ఇల్లు: మనం మోయగలిగిన భారమెంత?

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మా యాచారం. ఒకప్పుడు ఇక్కడ ఇద్దరు కలుసుకుంటే వాన గురించీ, బోరులో నీటి గురించీ మాట్లాడుకునేవారు. ఇప్పుడు గజం ధర గురించి మాట్లాడుకుంటున్నారు. భూమి అమ్మినవారి చేతిలో, భూసేకరణ పరిహారం అందుకున్నవారి చేతిలో, గల్ఫ్ దేశాలలో ఏళ్ల తరబడి శ్రమించి తిరిగివచ్చినవారి చేతిలో ఏకమొత్తంగా కొంత సొమ్ము ఉంది. దానిని ఏం చేయాలన్న ప్రశ్నకు మన ముస్లిం కుటుంబాలలో తరచుగా వినిపించే సమాధానం ఒక్కటే: "నాలుగు గదులు కట్టి కిరాయికి ఇద్దాం. వడ్డీ జోలికి పోనక్కరలేదు. నెల తిరిగేసరికి హలాల్ ఆదాయం చేతికొస్తుంది."

ఈ సమాధానంలో తప్పు లేదు. ఇంటిని అద్దెకివ్వడం ధర్మసమ్మతమైన వ్యవహారమే. అయితే హలాల్ అయినంత మాత్రాన ప్రతి వ్యవహారమూ ప్రతి మనిషికీ తగినదై ఉండాలని లేదు. ఎంత పెట్టుబడి పెట్టగలం, ఎంత అప్పు భరించగలం, ఎన్ని నెలలు ఇల్లు ఖాళీగా ఉన్నా నిబ్బరంగా ఉండగలం అనే విషయాలలో ఒక్కొక్కరి శక్తి ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఆ శక్తిని ముందుగా తూచుకోకుండా ఇల్లు కట్టిన మనిషి తాను కష్టపడటమే కాదు, తన కిరాయిదారును కూడా కష్టపెడతాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం ఇదే.

ఒక పూర్వ విద్యార్థి ప్రశ్న

గత నెల ఒక సాయంత్రం, అసర్ నమాజు తరువాత, మా మద్రసాలో ఒకప్పుడు చదువుకున్న యువకుడొకడు నా దగ్గరికి వచ్చాడు. అతనికి ఇబ్రహీంపట్నంలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. తండ్రి మరణానంతరం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ షరీఅత్ ప్రకారం వారసత్వాన్ని పంచుకోగా అతని వాటాకు 40 లక్షల రూపాయలు వచ్చాయి. అంతకుముందే తండ్రి కొనిపెట్టిన 200 గజాల స్థలం కూడా ఉంది.

"మౌలానా, ఆ స్థలంలో నాలుగు పోర్షన్లు కట్టమంటున్నారు కొందరు. ఇంకో 20 లక్షలు బంధువుల దగ్గర చేబదులు తీసుకుని పట్నంలో ఫ్లాటు కొనమంటున్నారు మరికొందరు. దేనిలో ఎక్కువ వస్తుందో మీరు చెప్పండి" అన్నాడు.

"ఎక్కువ ఎందులో వస్తుందో తరువాత చూద్దాం బేటా. ఆరు నెలలు ఒక్క రూపాయి కూడా రాకపోతే నీ ఇల్లు ఎలా గడుస్తుంది? ముందు అది చెప్పు" అన్నాను.

అతను కొంతసేపు మౌనంగా ఉండిపోయాడు. ఆ లెక్క వేసుకోలేదని ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే మనలో చాలామంది ఆ లెక్క వేసుకోరు. వచ్చే కిరాయిని 12తో గుణిస్తాము, రాని కిరాయిని లెక్కలోకి తీసుకోము.

హజ్ ప్రతి ముస్లిం కోరుకునే ఆరాధన. అయినా స్తోమత ఉన్నవారిపైనే అది విధి అని దివ్యఖుర్‌ఆన్ తెలియజేసింది (ఆలి ఇమ్రాన్: 97). ఆ స్తోమతను వివరిస్తూ ధర్మశాస్త్ర పండితులు ప్రయాణ ఖర్చులతో పాటు, యాత్రికుడు తిరిగి వచ్చేవరకు ఇంట్లోవారి పోషణకు సరిపడా సొమ్ము ఉండాలని కూడా చెప్పారు. అల్లాహ్ గృహానికి బయలుదేరే మనిషినే ఇంట్లోవారి తిండికి ఏర్పాటు చేసి వెళ్లమన్న ధర్మం, కిరాయి ఇల్లు కట్టే మనిషిని ఆ బాధ్యత నుంచి ఎలా విడిచిపెడుతుంది?

ధర వార్తతో పెరుగుతుంది, కిరాయి మనుషులతో పెరుగుతుంది

మా ప్రాంతంలో పెట్టుబడి పెట్టేవారు ఒక తేడాను గమనించాలి. స్థలం ధర వార్తలను బట్టి పెరుగుతుంది. కిరాయి మాత్రం ఆ ఊరిలో జీతం సంపాదించుకుంటూ నివసించే మనుషులు పెరిగినప్పుడే పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య కొన్నిసార్లు పదేళ్ల ఎడం ఉంటుంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాలలో 19 వేలకు పైగా ఎకరాలలో ఫార్మాసిటీ నిర్మించాలని ప్రభుత్వం తలపెట్టింది. మా మండలంలోని మేడిపల్లి, నానక్‌నగర్, తాటిపర్తి, కుర్మిద్ద గ్రామాల పేర్లు పత్రికలలో నిత్యం కనిపించేవి. కొందరు భూములిచ్చారు, కొందరు న్యాయస్థానాలను ఆశ్రయించారు. ఫార్మాసిటీ అనుకున్న రూపంలో రాలేదు. 2023 చివర ప్రభుత్వం మారింది. ఫ్యూచర్ సిటీ పేరు ముందుకు వచ్చింది. 2024 ఆగస్టు 1న కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. 2025లో 7 మండలాలలోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ 7 మండలాలలో యాచారం ఒకటి.

రేపు ఇక్కడ మహానగరమే వెలయవచ్చు, ఇన్‌షాఅల్లాహ్. కానీ నేడు కట్టిన గదికి నేడు కిరాయి చెల్లించవలసింది రేపటి నగరం కాదు. మన గదిలో ఉండబోయేది ఎవరు? మండల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగా, పాఠశాల ఉపాధ్యాయురాలా, ఆటో నడిపేవాడా, పనికోసం వలసవచ్చిన తాపీమేస్త్రీయా? అలాంటివారు ప్రస్తుతం ఊరిలో ఎంతమంది ఉన్నారు? ఇప్పటికే ఎన్ని ఇళ్లకు టూ-లెట్ బోర్డులు వేలాడుతున్నాయి? సాయంత్రం ఓ గంట కాలినడకన తిరిగితే తెలిసే విషయాలివి. ఏ దళారీ చెప్పే మాటకన్నా ఆ నడక ఎక్కువ నేర్పుతుంది.

మనుషులు ఉన్నచోట కూడా వారు ఎందుకు ఉన్నారో చూడాలి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల షేరిగూడ, మంగళ్‌పల్లి ప్రాంతాలలో ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ ప్రాంగణం, విమాన విడిభాగాల పరిశ్రమలు ఉన్నాయి. అక్కడ గదులకు గిరాకీ నిజమైనదే. అయినా 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించగానే విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సొంత ఊళ్ల నుంచే పనిచేశారు. ఒకే కళాశాలనో, ఒకే కంపెనీనో నమ్ముకుని కట్టిన గదులన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి.

నా సొంత తప్పు

ఇతరులకు చెప్పేముందు నా సంగతి చెప్పుకోవాలి. 2019లో మా ఇంటిపైన రెండు పోర్షన్లు వేశాను. చేతిలో ఉన్న సొమ్ము సరిపోక ఒక మిత్రుని వద్ద 3 లక్షలు చేబదులు తీసుకున్నాను. వడ్డీ లేదు. మరుసటి వేసవికల్లా తిరిగి ఇస్తానని మాట ఇచ్చాను. కిరాయితోనూ, నా జీతంలో మిగిలే కొద్దిపాటి సొమ్ముతోనూ తీర్చగలనని నా లెక్క. ఒక నెల కిరాయి తప్పినా ఆ లెక్క నిలబడదని అప్పుడు నాకు తోచలేదు.

2020 వేసవి ఎలా వచ్చిందో పాఠకులకు తెలుసు. పై పోర్షన్‌లో ఉండేది ఆటో నడుపుకునే ఒక కుటుంబం. ఆటో ఇంటిముందే నిలిచిపోయింది. మార్చి, ఏప్రిల్, మే నెలల కిరాయికి ఒత్తిడి చేయవద్దనీ, ఆ బాకీని తరువాత వాయిదాలలో, వడ్డీ లేకుండా తీసుకోవాలనీ రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లో ఇంటి యజమానులను ఆదేశించింది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నా మిత్రుని ఇంట్లో కూతురి నికాహ్ నిశ్చయమైంది. ఇచ్చిన మాట నన్ను వేధిస్తోంది. నేను రెండుసార్లు మేడమెట్లెక్కి కిరాయి అడిగాను. కోపంగా అడగలేదు, మర్యాదగానే అడిగాను. రెండోసారి అడిగిన వారం రోజులకు అతను మూడు నెలల కిరాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అతని భార్య చెవుల కమ్మలు అమ్మి తెచ్చిన సొమ్ము అదని తరువాత ఎప్పుడో మా ఇంట్లోవారి ద్వారా తెలిసింది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలనీ, క్షమించి వదిలేస్తే అది మరింత శ్రేష్ఠమనీ తెలిపే బఖరా సూరాలోని 280వ ఆయతును నేను ఎన్నోసార్లు విద్యార్థులకు బోధించాను. కమ్మల విలువ తిరిగి ఇవ్వబోతే అతను తీసుకోలేదు. "మీరు అడిగింది మీ హక్కే కదా మౌల్వీసాబ్" అన్నాడు. ఆ మాట నేటికీ నా చెవిలో ఉంది.

నేను కఠినుణ్ణి కానని అనుకునేవాణ్ణి. ఆ రోజు నన్ను కఠినుణ్ణి చేసింది నా స్వభావం కాదు, నా శక్తికి మించి వేసుకున్న లెక్క.

మన పూర్వ ధర్మశాస్త్ర గ్రంథాలు ఈ సంగతిని బాగా ఎరుగుదును అన్నట్లుగా ప్రస్తావించాయి. హిజ్రీ 428లో కన్నుమూసిన ఇమామ్ ఖుదూరీ సంక్షిప్త గ్రంథం మద్రసాలలో నేటికీ పాఠ్యపుస్తకం. అద్దె ఒప్పందాలు ఏ కారణాలవల్ల రద్దవుతాయో చెబుతూ అందులో ఒక సందర్భాన్ని పేర్కొన్నారు. ఇంటిని అద్దెకిచ్చిన యజమాని దివాలా తీసి, ఆ ఇల్లు అమ్మితే తప్ప అప్పు తీర్చలేని స్థితికి వస్తే న్యాయమూర్తి అద్దె ఒప్పందాన్ని రద్దుచేసి, ఇంటిని అమ్మించి అప్పు తీరుస్తాడు. అంటే కిరాయిదారు ఏ తప్పూ చేయకపోయినా యజమాని అప్పు అతణ్ణి వీధిలో నిలబెడుతుంది. కాబట్టి "నా అప్పు, నా ఇష్టం" అనడానికి ఇంటి యజమానికి వీలులేదు.

పన్నెండు నెలల లెక్క, పది నెలల లెక్క

ఇక మన యువకుని లెక్కకు వద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. పాఠకులు తమ ఊరి అంకెలు వేసుకోవాలి.

సొంత స్థలంలో 40 లక్షలతో నాలుగు పోర్షన్లు కట్టాడనుకుందాం. ఒక్కోదానికి 6 వేల కిరాయి. నెలకు 24 వేలు, ఏడాదికి 2 లక్షల 88 వేలు. అందరూ చెప్పే లెక్క ఇక్కడితో ముగుస్తుంది. ఇప్పుడు ప్రతి పోర్షనూ ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉంటుందనుకుంటే 48 వేలు తగ్గుతాయి. సున్నం, రంగులు, మోటారు, కుళాయిలు, డ్రైనేజీ మరమ్మతులకు ఒక నెల కిరాయి, అంటే 24 వేలు తీసేయాలి. ఇంటి పన్ను, మెట్ల దగ్గరి కరెంటు, ట్యాంకు శుభ్రం వంటివాటికి మరో 12 వేలు. మిగిలేది 2 లక్షల 4 వేలు. నెలకు 17 వేలు. పెట్టిన సొమ్ముపై ఏడాదికి 5 శాతం పైచిలుకు. స్థలం ఖరీదు ఇందులో కలపలేదు.

రెండో మార్గం 60 లక్షల ఫ్లాటు. కిరాయి 15 వేలు వస్తుందనుకుంటే ఏడాదికి 1 లక్షా 80 వేలు, పెట్టుబడిపై 3 శాతం. మన దేశపు పెద్ద నగరాలలో నివాస గృహాలపై వచ్చే కిరాయి చాలాకాలం పాటు మామూలుగా ఇంటి విలువలో 2, 3 శాతం దగ్గరే ఉండేది. చేబదులుగా తెచ్చిన 20 లక్షలను అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 33 వేలకు పైగా కావాలి. కిరాయి అంతా అటే పోయినా ఇంకా 18 వేలు దుకాణం ఆదాయం నుంచి పెట్టాలి. ఫ్లాటు నిర్వహణ రుసుము దీనికి అదనం. ఇల్లు ఖాళీ అయితే మొత్తం భారం అతనిదే. ఆ దుకాణం మీద నెలకు వచ్చేది 25 వేలు.

ఈ లెక్క కాగితం మీద వేసేసరికి ఆ యువకుడు, "ఫ్లాటు సంగతి ఇక వద్దు మౌలానా" అన్నాడు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేదు. నెలకు లక్ష సంపాదించే మనిషికి అదే ఫ్లాటు తేలికైన భారం కావచ్చు. ఇల్లు అదే, మోసే భుజం వేరు.

మీ శక్తిని తెలిపే నాలుగు ప్రశ్నలు

మొదటిది ఖాళీ నెలల ప్రశ్న. ఆరు నెలల ఇంటి ఖర్చును పెట్టుబడిలో కలపకుండా విడిగా ఉంచగలమా? ఉంచలేకపోతే కట్టవలసిన పోర్షన్ల సంఖ్య తగ్గించాలి. సొమ్మంతా ఇటుకలలో పెట్టిన మనిషికి ఇంట్లో జబ్బుచేస్తే, కిటికీ అమ్మి వైద్యం చేయించుకోలేడు.

రెండవది అప్పు ప్రశ్న. వడ్డీ అప్పు నిషిద్ధమని అందరికీ తెలుసు. వడ్డీ లేని అప్పు కూడా అప్పే. ఇచ్చినవాడు గడువుకు ముందే అవసరంలో పడవచ్చు. అతని అవసరం మన కిరాయిదారు మీద పడకుండా ఉండాలంటే, కిరాయి రాకపోయినా తీర్చగలిగినంతే అప్పు చేయాలి. చిట్టీ పాడి ఇల్లు కట్టేవారు కూడా ఇదే ఆలోచించాలి. పాట తగ్గించుకుని ముందుగా సొమ్ము తీసుకునే చిట్టీల విషయంలో ఉలమాలను సంప్రదించాకే ముందడుగు వేయడం ఉత్తమం.

ఇక్కడే మరొక విషయం. హైదరాబాదులో కిరాయి లేకుండా లేదా నామమాత్రపు కిరాయికి, లక్షల రూపాయల డిపాజిట్ తీసుకుని ఇల్లు ఇచ్చే పద్ధతి ఉంది. ఖాళీ చేసినప్పుడు మొత్తం సొమ్ము తిరిగి ఇస్తారు. యజమాని ఆ డిపాజిట్‌ను వాడుకుంటాడు కనుక అది అప్పు అవుతుంది. అప్పు ఇచ్చినందుకు ప్రతిఫలంగా కిరాయి తగ్గడం అప్పుపై లాభం పొందడమే అవుతుందనీ, అందువల్ల ఇది వడ్డీ పరిధిలోకి వస్తుందనీ మన ఉపఖండపు హనఫీ ముఫ్తీలు చెబుతారు. ఒకటి రెండు నెలల అడ్వాన్సు వేరు, ఇది వేరు. ధార్మిక దృష్టిని పక్కన పెట్టినా, పదిమంది యజమానులలో ఎందరు ఆ లక్షలను అడిగిన రోజున తిరిగి ఇవ్వగలరు?

మూడవది శ్రమ ప్రశ్న. కిరాయి ఆదాయం కూర్చుని తినే ఆదాయమనుకోవడం పొరపాటు. ఫజర్ నమాజుకు లేచేసరికి నీళ్లు రావడం లేదని పై పోర్షన్‌వారు తలుపు కొడతారు. కుటుంబాలకు ఇస్తే రాకపోకలు తక్కువ, కిరాయీ కొంత తక్కువ. బ్యాచిలర్లకు ఇస్తే కిరాయి ఎక్కువ, ఇల్లు పాడవడమూ ఎక్కువ. హాస్టలు పెడితే అది ఇల్లు కాదు, వ్యాపారం. రోడ్డు పక్క షట్టర్‌కు మంచి కిరాయి వస్తుంది కానీ ఒకసారి ఖాళీ అయితే నెలల తరబడి తాళం వేలాడుతుంది. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఊరిలోని నాలుగు గదులను ఎవరి భరోసాతో నడుపుతాడు? తోబుట్టువుతోనా? అయితే ఆ తోబుట్టువు శ్రమకు ప్రతిఫలం ముందే నిర్ణయించాలి. లేకపోతే కిరాయి మిగులుతుంది, బంధుత్వం మిగలదు. భర్తను కోల్పోయిన ఒక సోదరికి దూరాన ఉన్న నాలుగు గదులకంటే తాను నివసించే ఇంటి పైభాగంలో ఉండే ఒక్క పోర్షను ఎంతో మేలు. మెట్లు దిగివచ్చే మనుషులు ఆమెకు కనిపిస్తూ ఉంటారు.

నాలుగవది మనసు ప్రశ్న. మూడు నెలలు కిరాయి ఇవ్వని మనిషిని, ఇవ్వగలిగి ఇవ్వనివాడా, ఇవ్వలేకపోతున్నవాడా అని విచారించే ఓపిక మనకుందా? మొదటివాణ్ణి ఖాళీ చేయమని చెప్పే ధైర్యం, రెండోవాణ్ణి ఆగనిచ్చే స్తోమత రెండూ ఉండాలి. ఈ రెండూ లేని మనిషి కిరాయి ఇళ్లకు బదులు మరో హలాల్ మార్గం చూసుకోవడంలో అవమానమేమీ లేదు.

రాతకోతలు

నలుగురి ముందు మాట్లాడుకున్నాం, చాలులే అని మన వాళ్లు అనుకుంటారు. అప్పు వ్యవహారాన్ని రాసుకోమనీ, సాక్షులను పెట్టుకోమనీ బఖరా సూరాలోని 282వ ఆయతు విశ్వాసులకు ఆదేశించింది. మద్‌యన్‌లోని ఆ పెద్దమనిషి హజ్రత్ మూసా (అలై)తో ఒప్పందం చేసుకున్నప్పుడు 8 ఏళ్ల గడువు చెప్పాడు. 10 పూర్తిచేస్తే అది ఆయన ఇష్టమన్నాడు. ఆయనను కష్టపెట్టడం తన ఉద్దేశం కాదని కూడా స్పష్టం చేశాడు (ఖసస్: 27). గడువు, ఇష్టం, కష్టపెట్టకపోవడం, ఈ మూడూ ఒకే ఒప్పందంలో ఉన్నాయి.

అద్దె ఒప్పందంలో పొందే ప్రయోజనమూ, చెల్లించే అద్దె ఎంతో కూడా స్పష్టంగా తెలిసి ఉండాలని ఫిఖ్‌హ్ గ్రంథాలు చెబుతాయి. నివాసానికి తీసుకున్న ఇంట్లో ఏం చేసుకుంటావని కిరాయిదారును అడగనక్కరలేదు. అయితే కమ్మరిని, పిండిమర పెట్టేవాణ్ణి అందులో దించడానికి వీలులేదని కూడా అక్కడే ఉంది, గోడలు దెబ్బతింటాయి కనుక. నేటి భాషలో చెప్పాలంటే నివాసపు ఇంట్లో కార్ఖానా పెట్టకూడదని ముందే రాసుకోవాలి.

చట్టం సంగతి చూస్తే, ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి. అందుకే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. గడువు ముగిశాక కొనసాగితే మళ్లీ రాసుకోవాలి. వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ కిరాయిని ముగించడానికి 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. అడ్వాన్సు ఎంత, ఏయే కారణాలకు అందులో కోత పడుతుంది, కరెంటు మీటరు అంకె ఎంత, పెద్ద మరమ్మతులు ఎవరివి, ఇవన్నీ ఒక కాగితం మీద ఉంటే సగం తగవులు పుట్టవు. నివాసానికి ఆటంకం కలిగించే మరమ్మతులు యజమాని బాధ్యతేనని మన ధర్మశాస్త్రమూ అంటుంది.

కొనేముందు చూడవలసినవీ ఉన్నాయి. అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణకు 2020లో ప్రభుత్వం అవకాశమిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతమంది అనుమతి చూడకుండానో, చూసీ పట్టించుకోకుండానో ప్లాట్లు కొన్నారన్నమాట. ఈసీ, లింకు దస్తావేజులు, లేఔట్ అనుమతి, పెద్ద వెంచరైతే రెరా నమోదు చూసుకోవాలి. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వంటి జలాశయాల దగ్గర కొనేటప్పుడు ఆ స్థలం చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలోకి వస్తుందా అని ఆరా తీయాలి. చెరువు స్థలంలో కట్టి, అమాయకుడైన కిరాయిదారును అందులో దించడం ఇద్దరినీ ముంచడమే.

లేని ఇంటికి కిరాయి

ఈ మధ్య మరో పిలుపు వినిపిస్తోంది. ఇంకా పునాది కూడా పడని వాణిజ్య భవనంలో వాటా కొంటే ఈ నెల నుంచే కిరాయి ఇస్తామంటారు. వడ్డీ కాదు, హలాల్ అంటారు. కిరాయి అనేది ఉన్న ఇంటిని వాడుకున్నందుకు చెల్లించే ప్రతిఫలం. ఇల్లే లేనప్పుడు ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? మన సొమ్మునుంచో, మన తరువాత చేరినవారి సొమ్మునుంచో రావాలి.

హలాల్ లాభం పేరు విని వేలాది ముస్లిం కుటుంబాలు సొమ్ము పెట్టిన హైదరాబాదు హీరా గ్రూపు అధినేత్రి 2018లో అరెస్టయ్యారు. బెంగళూరులోని ఐ మానిటరీ అడ్వైజరీ అధినేత 2019 జూన్‌లో దేశం విడిచి వెళ్లి, జూలైలో అరెస్టయ్యాడు. ఆ కేసుల తీర్పు న్యాయస్థానాల పని. మనం నేర్చుకోవలసింది ఒక్కటి: గడ్డం, టోపీ, అరబీ పేరు ఏ వ్యాపారానికీ పూచీ కావు. కిరాయి హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా వస్తుందని ఎవరైనా పూచీ ఇస్తే, అక్కడ ఏదో దాగి ఉందని గ్రహించాలి.

జకాత్, పన్ను

కిరాయికిచ్చిన ఇంటి విలువపై జకాత్ లేదు. వచ్చిన కిరాయిలో ఖర్చులు పోగా మిగిలి, మన ఇతర సొమ్ముతో కలిపి నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం పూర్తయితే ఆ సొమ్ముపై రెండున్నర శాతం చెల్లించాలి. 1985 డిసెంబరులో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ రెండవ సమావేశం కూడా ఇంటి విలువపై కాక కిరాయిపైనే జకాత్ అని తీర్మానించింది. అయితే లాభానికి అమ్మాలన్న ఉద్దేశంతో కొన్న ప్లాటు వ్యాపార సరుకు కిందికి వస్తుంది. దానిపై ఏటా అప్పటి మార్కెట్ విలువ ప్రకారం జకాత్ ఉంటుంది. మా ప్రాంతంలో ధరలు పెరిగినప్పుడు సంబరపడేవారు ఈ లెక్కను మరిచిపోతున్నారు. కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్సు మన ఆస్తి కాదు, మనం తీర్చవలసిన బాకీ.

ఆదాయపు పన్ను లెక్కలో కిరాయి నుంచి మనం చెల్లించిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని మరమ్మతుల వంటి ఖర్చుల కింద మినహాయిస్తారు. మిగతాది ఆదాయంలో చూపాలి. కిరాయిని దాచడం అమానత్‌కు తగిన పని కాదు.

ఆ యువకుడు ఏం చేశాడు?

పది రోజుల తరువాత అతను మళ్లీ వచ్చాడు. ఇస్తిఖారా నమాజు చేశానన్నాడు. కాగితం కూడా తెచ్చాడు. నాలుగుకు బదులు రెండే పోర్షన్లు కడతాడట. పునాదులు మాత్రం పై అంతస్తుకు కూడా సరిపోయేలా వేయిస్తాడట. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచాడు. మిగిలిన సొమ్ములో కొంత దుకాణంలో సరుకుకు పెడతాడు. "చేతిలో సొమ్ముండి కూడా రెండే కడతావా అని మామయ్య నవ్వుతున్నాడు మౌలానా" అన్నాడు.

"నవ్వనీ. అడ్వాన్సు ఎంత తీసుకుందామనుకుంటున్నావు?" అని అడిగాను.

"ఒక నెల. రెండు నెలలు కిరాయి ఆలస్యమైనా అడగకుండా ఉండగలనని లెక్క చూసుకున్నాను" అన్నాడు.

నా మేడమెట్లు నాకు గుర్తుకొచ్చాయి. ఈ లెక్క 2019లో నాకెవరైనా నేర్పి ఉంటే ఒక సోదరి చెవుల కమ్మలు ఆమె చెవులకే ఉండేవి.

మన సంపాదనను హలాల్ చేసి, అందులో బరకత్ ప్రసాదించి, మన స్తోమతను మనం గుర్తెరిగే వివేకాన్నీ, మన నీడన నివసించేవారిని కష్టపెట్టని మనసునూ అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.